రేకుల అవతలి గొంతు

వేల్సు నుంచి తిరిగొచ్చిన పదకొండో రోజున అతని చేతిలో వాకీటాకీ పెట్టారు. పెట్టింది పరాయివాళ్ళెవరో కాదు, స్వయానా బావ, అంటే అక్క మొగుడు. "ఇంకెన్నాళ్ళు ఇంట్లో కూర్చుని గోళ్ళు గిల్లుకుంటావురా? వచ్చి నా క్రేన్ కింద నిలబడు" అన్నాడాయన. ఓడరేవులో పందొమ్మిదేళ్ళు క్రేన్లకి దారి చూపించి వచ్చినవాడికి ఇది వెన్నతో పెట్టిన విద్యేనని చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలూపారు. అతనూ ఊపాడు. ఊపాడే గాని, ఆ నల్లటి డబ్బా అరచేతిలో పడగానే గుండె గుభేలుమంది. దాన్ని తిరిగి ఇచ్చెయ్యడానికి ఒక్క మంచి సాకు దొరికితే బాగుండునని వెతుక్కున్నాడు. దొరకలేదు.

భయమంటే ఎవరు నమ్ముతారు చెప్పండి! మనిషి చూస్తే ఆరడుగులు, చేతులు చూస్తే రోకలిబండలు. బావ పనిచేసే వర్క్‌షాపు వాళ్ళు మొదటిరోజే పేరు కూడా పెట్టేశారు. "వేల్సా? అంటే తిమింగలాలుంటాయే, అదా?" అన్నాడొకడు. "నీ మొహం, అది దేశంరా" అన్నాడింకొకడు. అక్కడ ఏం పని చేసేవాడివని అడిగితే అతను చూపుడువేలు పైకెత్తి, గాలిలో గుండ్రంగా తిప్పి, ఇదే అన్నాడు. ఎత్తమని క్రేనుకి చేసే సైగ అది. "అంటే వేలు ఆడించి బతికావన్నమాట" అని పగలబడి నవ్వి, ఆ పూటే వేలయ్య అని ఖాయం చేశారు. లోకులు పలుగాకులు, నోళ్ళు మూయించడం ఎవరి తరం?

అతని భయం క్రేన్ గురించి కాదు, తన నోటి గురించి. అదెలా వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. వేల్సులో అతనికి పని నేర్పింది ఆ నేల మీదే పుట్టిన ఒక ముసలి మేస్త్రీ. ఇతనితో ఇంగ్లీషులో మాట్లాడేవాడు గాని, గొలుసు జారినా, బరువు అటూ ఇటూ ఊగినా ఆయన నోట్లోంచి ఊడిపడేది మాత్రం సొంత వెల్షు మాటే. "భయం వేస్తే మనిషి తన భాషలోకి పారిపోతాడోయ్, నువ్వూ అంతే, చూస్తుండు" అనేవాడు. మొదట్లో నిజమే, ఇతనూ "అమ్మో" అని తెలుగులోనే అరిచేవాడు. ఐదారేళ్ళకి అది కాస్తా పోయింది. ఎత్తడం, దించడం, ఆపడం అన్నీ ఇంగ్లీషులోనే పుట్టి ఇంగ్లీషులోనే నోటికొచ్చేవి. తెలుగు ఇంటికి పరిమితమైపోయింది. ఇంట్లో ఉన్నదా, అతనూ భార్యా ఇద్దరే, పిల్లలు లేరు. ఇద్దరి మధ్య ఎంత తెలుగు కావాలి? ఉప్పెక్కువైంది, దుప్పటి ఇటు లాగు, ఇంకా అలక తీరలేదా, అంతే కదా. ఆ ఓడరేవులో పని తగ్గి సగం మందిని ఇంటికి పంపేసినప్పుడు భార్య, "ఇక చాలండీ, మన వాళ్ళ దగ్గరికి పోదాం" అంది. వచ్చేశారు. సామాను అంతా వచ్చింది గాని, పనికి కావలసిన మాటలు మాత్రం అక్కడే ఉండిపోయాయి.

ఇక ఆ వర్క్‌షాపు సంగతి. ఊళ్ళకి నీళ్ళు తోడే పెద్ద పంపుల్ని అక్కడ బాగుచేస్తారు. ఒక్కొక్కటి రెండు టన్నులు. బాగుచేశాక షెడ్డు వెనకున్న గోతిలో దించి, బిగించి, నడిపి చూస్తారు. క్రేనేమో షెడ్డు ముందుంది. ముందు క్రేన్ నిలబెట్టి, పదేళ్ళయ్యాక గొయ్యి కావాలని గుర్తొచ్చి వెనక తవ్వారట, వాళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది. దాంతో అరవై నాలుగు మెట్ల ఎత్తున క్యాబిన్‌లో కూర్చున్న బావ పంపుని ఎత్తి, రేకుల కప్పు మీదుగా దాటించి, తన కంటికి కనిపించని చోట దించాలి. గోతి ఒడ్డున వాకీటాకీ పట్టుకుని నిలబడ్డవాడు ఏం చెబితే అది. ఆ గోతి అడుగున నిలబడి పంపుని అందుకునే ఫిట్టరు ఎవరనుకున్నారు? బావ కూతురు, ఇతని మేనకోడలు. ముప్పై రెండేళ్ళ మనిషి. అడుగున సిమెంటు దిమ్మలో నాలుగు బోల్టులు నిటారుగా ఉంటాయి. దిగే పంపు కాళ్ళ కన్నాలు సరిగ్గా వాటిమీద కూర్చునేలా ఇనప గడతో సర్దడం ఆమె పని. చిన్నప్పుడు సైకిల్ నేర్పింది ఇతనే. ఇతను దేశం వదిలి వెళ్ళేనాటికి ఆమెకి పదమూడు, వెళ్ళొద్దని ఇతని బూట్లలో ఒకటి దాచేసి కూర్చుంది.

తండ్రి చేతిలో బరువు, దాని కింద కూతురు, మధ్యలో తన నోరు. అతనికి నిద్ర పట్టకపోవడానికి ఇంతకంటే ఏం కావాలి? నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ నోరు ఒక్క క్షణం తడబడితే?

తప్పించుకోవడానికి ఒకసారి ప్రయత్నించాడు కూడా. "బావా, నన్ను కొన్నాళ్ళు స్టోర్సులో వేయించకూడదూ?" అన్నాడు.

"ఎందుకురా?"

"ఊరికే."

"ఊరికే అయితే ఇక్కడే ఉండు."

మేనకోడలు పక్కనే ఉంది. "ఇదివరకటాయన ఏదో ఒకటి నములుతూ చెప్పేవాడు మామయ్యా, సగం మాటలు నాన్నకి అర్థమయ్యేవే కాదు. నువ్వొచ్చావు, నాకిప్పుడు ధైర్యంగా ఉంది" అంది. ఆ పిల్ల అలా అన్నాక ఇంక స్టోర్సు మాట ఎత్తడానికి నోరు రాలేదు.

ఇంట్లో అద్దం ముందు సాధన మొదలైంది. ఎత్తు. మెల్లగా. ఆపు. దించు. కుడికి. ఇంకొంచెం కుడికి. భార్య వంటింట్లోంచి తొంగి చూసి, "ఎవరితోనండీ?" అంది.

"క్రేన్‌తో."

"అద్దంలో క్రేన్ కనిపిస్తోందా? అయితే పదండి, కంటి డాక్టరు దగ్గరికి పోదాం."

అతను నవ్వలేదు. మంచం మీద కూలబడి, "భయంగా ఉందే" అన్నాడు. ఆమె కూడా వచ్చి పక్కన కూర్చుంది. మానెయ్యమంది. మానేస్తే బావ దగ్గర తలెత్తుకోలేనన్నాడు. "తల దించుకుంటే పోయేదేముందండీ, మెడ నొప్పి తప్ప" అంది ఆమె. ఆమె మాట విని ఉంటే ఈ కథే లేదు.

మాటలు ఒక ఎత్తయితే కొలతలు ఇంకో ఎత్తు. అక్కడ అంతా మీటర్లూ సెంటీమీటర్లూ. ఇక్కడ ఆ లెక్క చెబితే బావ చెయ్యి కదపడు. "మీటర్లూ గీటర్లూ నాకొద్దురా, ఇంకా ఎంతుందో చెప్పు" అంటాడు. బారెడు, మూరెడు, జానెడు, బెత్తెడు, వేలెడు. ముప్పై ఏళ్ళుగా ఆయన చేతులకి అలవాటైన కొలతలు అవే. వేలెడు అన్నప్పుడల్లా షెడ్డులో ఎవడో ఒకడు కిసుక్కుమనేవాడు. ఇక, ఆగకుండా దించుతూ పొమ్మనాలంటే ఒకటే మాట, "కానీ". పని కానివ్వు అని. బారెడుంది, కానీ. మూరెడుంది, కానీ. అలా చెబుతూ పోతే బరువు దిగుతూ పోతుంది.

మొదటి రెండు వారాలూ అతని నోట్లోంచి కానీ కంటే ఆపు అన్నదే ఎక్కువ వచ్చింది. గాలి వీస్తే ఆపు. తాడు ఊగితే ఆపు. రేకు మీద కాకి వాలితే ఆపు. పావుగంటలో దిగే పంపుకి గంట పట్టేది. ఈలోగా కింద వాళ్ళు టీ తాగి, కబుర్లు చెప్పుకుని, మళ్ళీ వచ్చేవాళ్ళు. "వేలయ్య గారు ముద్ద నోటి దగ్గరికొచ్చాక కూడా ఆపు అంటారట, అందుకే వాళ్ళావిడ అంత ఓర్పుగా ఉంటుంది" అని ఒకడు అంటే షెడ్డంతా నవ్వింది. అతనూ నవ్వాడు. చెవులు మాత్రం కాలిపోయాయి. అక్కడ పరాయి దేశంలో కూడా పని విషయంలో తనని చూసి నవ్వినవాడు లేడు.

చివరికి బావకీ విసుగొచ్చింది. సాయంత్రం చెయ్యి కడుక్కుంటూ, "ఒరే, ఊరికే ఆపు ఆపు అంటావు. పైన నాకు ఏమైందో తెలీక ప్రాణం గిలగిల్లాడిపోతుంది. ముందు సంగతేమిటో చెప్పు, ఆ తర్వాత ఆపమను" అన్నాడు.

ఈ మాట ఆయన అనకూడదు, అన్నా ఇతను వినకూడదు. ముసలి మేస్త్రీ ఉంటే ఇద్దరి చెవులూ మెలేసేవాడు. ముందు ఆపు, తర్వాతే సంగతి, ప్రపంచంలో ఏ క్రేన్ కిందైనా అంతే. అది ఇతనికి తెలియనిదా? తెలుసు. అయినా మాట పడ్డాక మనిషికి తెలిసిందంతా అటకెక్కుతుంది. మర్నాటి నుంచి ముందు ఎంతుందో చెప్పి, తర్వాత ఏమైందో చెప్పి, ఆఖర్న ఆపమనడం మొదలుపెట్టాడు. పని చురుగ్గా సాగింది. నవ్వులు తగ్గాయి. భయం మాత్రం లోపల ఎక్కడుందో అక్కడే ఉంది.

నాలుగో వారంలో ఒకరోజు, పొద్దున్న పదింటి వేళ. నీలం రంగు పంపు, కొత్తగా రంగు వేసింది, రేకుల మీదుగా వచ్చి గోతి మీద నిలిచింది. కింద మేనకోడలు ఇనప గడ పట్టుకుని తలెత్తి చూస్తోంది. గాలి లేదు.

"రెండు బారలుంది, కానీ" అన్నాడు. పంపు దిగింది.

"బారెడుంది, కానీ."

"మూరెడుంది, కానీ."

దిమ్మకీ పంపుకీ మధ్య నీళ్ళు కారకుండా ఒక నల్లటి రబ్బరు చక్రం పరుస్తారు. మేనకోడలి గడ తగిలి అది పక్కకి జరిగింది. ఆమె గడతో తోసింది, రాలేదు. గడ గోడకి ఆనించి, వంగి, కుడిచెయ్యి లోపలికి పెట్టింది. ఒక్క క్షణం పనే కదా అనుకుని ఉంటుంది. పంపు ఇంకా జానెడు ఎత్తులో దిగుతూనే ఉంది.

అతను చూశాడు. చెప్పాలనుకున్నది ఇది: జానెడుంది, కానీ రబ్బరు జరిగింది, అమ్మాయి చెయ్యి కింద ఉంది, ఆపు. బటన్ నొక్కి, "జానెడుంది, కానీ" దాకా అన్నాడు. ఆ చక్రాన్ని ఇక్కడ ఏమంటారో నోటికి రాలేదు. పందొమ్మిదేళ్ళుగా పిలిచిన ఇంగ్లీషు పేరు వచ్చి నాలుక మీద అడ్డంగా కూర్చుంది. రబ్బరు అంటే పోయేది. ఏదో ఒకటి అంటే పోయేది. ఆ వెతుకులాటలో గొంతు ఆగిపోయింది.

పైన బావకి చేరింది ఇంతే: జానెడుంది, కానీ. ఆయన కానిచ్చాడు.

పంపు దిగుతోంది. అతని నోరు తెరుచుకునే ఉంది. తెలుగూ రాలేదు, ఇంగ్లీషూ రాలేదు, అమ్మో అన్నదీ రాలేదు. "మామయ్యా!" అని కింద నుంచి కేక. ఆ కేక పైకి వినపడదు, వాకీటాకీ ఉన్నది ఇతనొక్కడి దగ్గరే. మేనకోడలు ఒళ్ళంతా వెనక్కి విసిరి చెయ్యి లాక్కుంది. చెయ్యి వచ్చింది. గ్లౌజు రాలేదు. రెండు టన్నుల పంపు దాని మీద దబ్బున కూర్చుంది.

ఆమె గోతి గోడకి వీపు ఆనించి, చేతిని గుండెకి అదుముకుని నిలబడింది. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం గీసుకుపోయి రక్తం వస్తోంది. పంపు కింద నుంచి పసుపుపచ్చ గ్లౌజు మణికట్టు భాగం మాత్రం బయటికి కనిపిస్తోంది. ఇద్దరూ దాన్నే చూశారు.

"ఏరా, కూర్చుందా?" వాకీటాకీలో బావ గొంతు హుషారుగా వచ్చింది. "ఈసారి ఒక్క ఆపూ లేకుండా దించావే! బాగుపడ్డావురా, పోనీలే."

మేనకోడలు పైకి చూసి తల అడ్డంగా ఊపింది. "చెప్పకు మామయ్యా" అంది చిన్నగా. "నాన్న తట్టుకోలేడు. చెయ్యి పెట్టడం నాదే తప్పు. రబ్బరు జరిగిందని చెప్పి ఎత్తించు, చాలు."

నిజమే, చాలు. అబద్ధం కూడా కాదు. రబ్బరు జరిగింది, ఎత్తు బావా. అంతటితో అయిపోతుంది. ఎవరూ నవ్వరు, ఎవరూ ఏడవరు. ఇతను బటన్ మీద బొటనవేలు పెట్టాడు. చెప్పకపోతే బావ రేపు కూడా ఇలాగే నమ్ముతాడు. ఎల్లుండి కూడా నమ్ముతాడు. తను ఎక్కడ తడబడితే అక్కడ దించేస్తాడు. ఆ ఆలోచన రాగానే, చెబితే వచ్చే భయం కంటే చెప్పకపోతే ఉండే భయం పెద్దదైపోయింది.

"బావా, ఏదీ ముట్టుకోకు. రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకో."

"ఏమైందిరా?"

"పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నాను. చెప్పు."

"అమ్మాయి గ్లౌజు పంపు కింద ఉంది."

వాకీటాకీ బుస్సుమంది. ఆ తర్వాత ఒక్క మాట వచ్చింది.

"చెయ్యి?"

"బయటే ఉంది బావా. ఐదు వేళ్ళూ ఉన్నాయి, నా కళ్ళతో చూస్తున్నాను. నేను కానీ అన్నది దించమని కాదు. కానీ అమ్మాయి చెయ్యి కింద ఉంది అని చెప్పబోయాను. మాట రాలేదు. తప్పు నాది."

మెట్ల మీద బావ దిగుతున్న చప్పుడు రేకుల అవతల నుంచి వినిపించింది. రోజూ టకటకా దిగే మనిషి, ఆవేళ ఒక్కో మెట్టుకీ ఆగి దిగాడు. షెడ్డు చుట్టూ తిరిగి వచ్చి, కూతుర్ని గోతిలోంచి పైకి రమ్మన్నాడు. ఆమె కుడిచెయ్యి తీసుకుని చిటికెన వేలు దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క వేలే పట్టుకుని చూశాడు. "ఉన్నాయి నాన్నా, అన్నీ ఉన్నాయి" అని ఆమె విసుక్కుంది. ఆయన రెండోసారి చూశాడు. తర్వాత గీత కూడా పడని ఎడమచెయ్యి తీసుకుని దాన్నీ చూశాడు. బావమరిది వైపు తలెత్తలేదు. అటునుంచి అటే ఇంటికి వెళ్ళిపోయాడు. పంపు ఆ గ్లౌజు మీద అలాగే వంకరగా ఉండిపోయింది.

మర్నాడు తెల్లారీ తెల్లారకముందే అక్క వచ్చి తలుపు కొట్టింది. తలుపు తీసి ఆమెని చూడగానే అతని పైప్రాణాలు పైనే పోయాయి. చెంప పగలగొడుతుందేమో అనుకున్నాడు. పగలగొట్టినా బాగుండేది.

"మీ బావ అన్నం ముట్టలేదు. చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు" అంది అక్క, లోపలికి కూడా రాకుండా. "పనికి వెళ్ళనంటున్నాడు. నువ్వొచ్చి తీసుకెళ్ళు."

"నన్ను తిట్టవా అక్కా?"

"తిడతాను. తీరిగ్గా, కూర్చోబెట్టి తిడతాను, దానికేం తొందర? ముందు ఆయన్ని క్రేన్ ఎక్కించు. ఈవేళ ఎక్కకపోతే ఆ మనిషి ఇంక జన్మలో ఎక్కడు. ఎక్కకపోతే ఏమవుతాడో నాకు తెలుసు."

బావ వచ్చాడు. క్రేన్ మెట్ల దగ్గరికి వచ్చాక ఆయన ఇనప కడ్డీ పట్టుకుని నిలబడిపోయాడు. కాసేపటికి కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"కాళ్ళు రావట్లేదురా" అన్నాడు.

బావ నోట అలాంటి మాట ఇతను ఎన్నడూ వినలేదు. ధైర్యం చెప్పడానికి తన దగ్గర ఉంటే కదా! "నేనూ వస్తాను. నువ్వు ముందు ఎక్కు, నీ వెనకాలే నేను" అనేశాడు. అన్నాక గుర్తొచ్చింది, తను ఎప్పుడూ నేల మీది మనిషి. అక్కడైనా ఇక్కడైనా క్రేన్ ఎక్కిన పాపాన పోలేదు. నిచ్చెన ఎక్కి బల్బు మార్చడానికి కూడా భార్యనే బతిమాలే రకం.

ఇద్దరూ ఎక్కారు. పదో మెట్టు దాకా బాగానే ఉంది. ఇరవయ్యో మెట్టు దగ్గర గాలి చొక్కాలో దూరింది. ముప్పయ్యో మెట్టు దగ్గర కిందికి చూశాడు, చూడకుండా ఉండాల్సింది. కడ్డీని కౌగిలించుకుని కళ్ళు మూసుకున్నాడు. "ఏరా, వస్తున్నావా?" అని పైనుంచి బావ. "వస్తున్నా, నువ్వు నడు" అన్నాడు, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆయన చెప్పులు కదిలితే ఇతని చేతులు కదిలాయి. ఆయన ఆగితే ఇతనూ ఆగాడు. మొత్తానికి అరవై నాలుగూ అయ్యాయి.

క్యాబిన్‌లో ఒక్క మనిషికే చోటు. బావ కుర్చీలో కూర్చున్నాడు. ఇతను తలుపు చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని, సగం లోపలా సగం బయటా వేలాడుతూ ముందుకి చూశాడు. దుమ్ము పట్టిన అద్దం. అద్దం అవతల రేకులు. తుప్పు పట్టినవి కొన్ని, కొత్తవి కొన్ని, ఈ చివర నుంచి ఆ చివర దాకా రేకులే. ఒక పాత టైరు, ఎవడో విసిరేసిన గుడ్డ పీలిక. వాటి వెనక ఆకాశం.

"గొయ్యేది బావా?"

"ఆ రేకుల వెనక."

"కనిపించట్లేదు."

"నాకు మాత్రం ఎప్పుడు కనిపించింది?" అన్నాడు బావ.

అది తెలియని సంగతా? పనిలో చేరిన రోజే చెప్పారు, పైనవాడికి ఏమీ కనిపించదని. వినడం వేరు, ఇలా చూడడం వేరు. ఈ గుడ్డి అద్దం వెనక కూర్చుని, కన్నకూతురి నెత్తిమీదికి రెండేసి టన్నులు దించుతూ వచ్చాడు ఈ మనిషి, ఎవడో ఒకడి గొంతు విని. ఆ ఆఖరి గొంతు తనది. చట్రాన్ని పట్టుకున్న వేళ్ళు ఇంకా బిగిశాయి.

"బావా, మళ్ళీ నోరు పెగలకపోతే ఏం చెయ్యను? నాకదే భయం. మొదటి రోజు నుంచీ అదే. అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాను, నవ్వుతారని చెప్పలేదు. నిన్న నిజంగానే పెగల్లేదు."

బావ లీవర్ల వంక చూశాడు, వాటిని ముట్టుకోలేదు. "నన్నెవడు దించుకుంటూ పొమ్మన్నాడురా" అన్నాడు చివరికి. "ఒక్కసారి కానీ అంటే మళ్ళీ ఇంకో మాట వినపడేదాకా దించుకుంటూ పోవడం నా అలవాటు. ముప్పై ఏళ్ళ అలవాటు. నిన్న నువ్వాగావు, నేనాగలేదు." దగ్గి సర్దుకున్నాడు. "ఆ మాట వద్దు. దించాలంటే దించు అను. అంటూనే ఉండు, దించు దించు అని, నోరు మూయకు. నీ గొంతు వినపడినంతసేపే నా చెయ్యి కదులుతుంది. మాట ఆగిందా, చెయ్యి ఆగుతుంది. నువ్వు చెప్పినా సరే, చెప్పలేకపోయినా సరే."

"నేను భయపడి నోరు మూసుకుంటే?"

"మూసుకో. అప్పుడే ఆపుతాను." ఇంకాసేపటికి, "దిగు ఇక. నాకు భయంగానే ఉంది, నువ్విక్కడ వేలాడుతుంటే ఇంకా భయంగా ఉంది" అన్నాడు.

దిగడం ఎక్కడం కంటే ఘోరం, దాని గురించి చెప్పకపోవడమే మంచిది. నేల మీద కాలు పెట్టాక కాసేపు క్రేన్ పాదం పట్టుకుని నిలబడి, తర్వాత షెడ్డు చుట్టూ తిరిగి గోతి ఒడ్డుకి వెళ్ళాడు. మేనకోడలు అప్పటికే గోతిలో ఉంది, కుడిచేతికి గుడ్డ కట్టుకుని, కొత్త గ్లౌజు దాని మీదే తొడుక్కుని. వద్దని ఎవరు చెప్పినా వినలేదట. షెడ్డులో వాళ్ళంతా పని మానేసి గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఒక్కడూ జోకు వెయ్యలేదు.

"ఎత్తు" అన్నాడు వాకీటాకీలో. "ఎత్తు, ఎత్తు, ఎత్తు, ఎత్తు."

గొలుసులు బిగుసుకున్నాయి. పంపు కదిలింది. వేలెడు, బెత్తెడు, జానెడు. అతను ఊపిరి కూడా తీసుకోకుండా అదే మాట అంటూ పోయాడు. చెమట కళ్ళల్లోకి కారుతోంది, తుడుచుకోలేదు. బారెడు లేచాక మేనకోడలు తలెత్తి ఇతన్ని చూసింది, ఇక చాలు అన్నట్టు. తర్వాత వంగింది. చదునుగా నలిగిపోయిన గ్లౌజుని తీసి పక్కన పడేసి, రబ్బరు చక్రాన్ని సర్దడానికి చెయ్యి లోపలికి పెట్టింది.

అతను నోరు మూశాడు.

పంపు గాలిలో నిలిచిపోయింది. రేకుల అవతల, ఏమీ కనిపించని చోట కూర్చుని ఉన్న మనిషి, ఏమైందిరా అని కూడా అడగలేదు. షెడ్డులో ఎవరూ కదల్లేదు. గొలుసు ఎక్కడో చిన్నగా కిర్రుమంది, దాని ఊపు కూడా తగ్గిపోయింది. అతని భయం ఎక్కడికీ పోలేదు. మేనకోడలు తొందరపడలేదు. చక్రాన్ని చుట్టూ తడిమి, ఒకచోట మడత ఉంటే సరిచేసి, మళ్ళీ తడిమి చూసుకుంది. ఆమె చెయ్యి బయటికి తీసి, వెనక్కి జరిగి, గోడకి ఆనుకుని నిలబడేదాకా కింద ఇతనూ పైన బావా ఒక్క మాట లేకుండా అలాగే ఉన్నారు.